కొసరు లేని వెయ్యి

మిర్చి యార్డులో మా కొట్టు కాటా మీద
ఒక కెమెరా కన్ను వేలాడుతుంటుంది.
ఆ ఎర్రటి ఘాటులో దగ్గనిది అదొక్కటే.
దాని జ్ఞాపకమంతా నా బల్ల కింద,
పాత చీటీల కట్టల పక్కన నల్లటి డబ్బాలో.

డిస్కు అరండల్‌పేటలో ఖాజా దగ్గర కొన్నాను.
అట్టపెట్టె మీద అక్షరాలా వెయ్యి జీబీలు.
కెమెరా రోజుకి ముప్పై మూడు చిల్లర తింటుంది,
ముప్పై రోజులకి సరిపోతుంది, అన్నాను షావుకారుతో.
ఆయన గోడ మీద రాయించాడు:
కాటా దృశ్యాలు ముప్పై రోజులు భద్రం.

బిగించిన పూటే తెర చెప్పింది
తొమ్మిది వందల ముప్పై ఒకటని.
మిగతా అరవై తొమ్మిది?
ఖాజా నవ్వాడు. "ఎక్కడికీ పోలేదక్కా.
తయారుచేసినవాడికి వెయ్యంటే వెయ్యే.
నీ కంప్యూటరేమో వెయ్యిన్నీ ఇరవై నాలుగు పడితేగానీ
పై మెట్టు ఎక్కదు.
మెట్టు మెట్టుకీ తేడా పెరుగుతుంది.
ఇద్దరూ అబద్ధమాడరు.
ఇద్దరూ జీబీ అనే అంటారు, అదీ చిక్కు."

మా నాయనమ్మ గింజలు కొలిచేది.
రెండు గిద్దలు అరసోల, రెండరసోలలు సోల,
రెండు సోలలు తవ్వ, తవ్వలు రెండు మానిక,
అడ్డ, కుంచం, ఇరస, తూము,
అన్నీ రెండింతలు, రెండింతలు,
మెట్లెక్కినట్టు ఎక్కి ఎక్కి
తూము దగ్గరకొచ్చాక ఎవడో తిక్కలోడు
ఇరవై తూములు పుట్టి అన్నాడు.
అయినా గొడవ రాలేదు.
కౌలు మాట్లాడుకునే ముందే అడిగేవాళ్లు:
ఏ ఊరి కుంచం? ఎవరింటి కుంచం?
నేను ఖాజాని ఆ మాట అడగలేదు.

మొన్న కారంపూడి వైపు నుంచి ఏడుకొండలు వచ్చాడు.
తేజ రకం, నలభై మూడు టిక్కీలు తెచ్చిన మనిషి.
"ఆ రోజు కాటా మీద టిక్కీకి
నలభై నాలుగున్నర నా కళ్లతో చూశా.
చీటీలో నలభై రెండేసి రాశారు.
ఆ బొమ్మ చూపించమ్మా."
గోడ మీద రాత చదువుకునే లోపలికొచ్చాడు.
వేళ్లు మడిచి చూపించాడు,
ఇవాళ్టికి ఇరవై తొమ్మిది రోజులు.

తెరిచాను.
ఇరవై ఎనిమిది రోజుల కిందట మొదలైంది కథ:
ఖాళీ కాటా. నిద్రపోయే కుక్క. ఎవరిదో చీపురు.
అతని రోజు మీద
ఇవాళ్టి రోజు వచ్చి కూర్చుంది.

చెప్పబోయాను, వెయ్యి అంటే, వెయ్యిన్నీ ఇరవై నాలుగు అంటే...
తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ ఓపిగ్గా విన్నాడు.
"అంటే తరుగు తీశారు."
తరుగు కాదు, అన్నాను.
తరుగంటే ఉన్నదాంట్లోంచి తీసేది. ఇది,
ఇదేమిటో నోటికి రాలేదు.

"మా బామ్మర్ది నిమ్మకాయలు అమ్ముతాడు.
వందకి నాలుగు కొసరేస్తాడు,
నూట నాలుగు పోసి కూడా వందే అంటాడు.
మీ మిషను కొసరుతో కలిపి వెయ్యంటది,
అమ్మినోడు కొసరు లేకుండా వెయ్యంటాడు.
బాగానే ఉంది.
ఆ ఇద్దరి మధ్యా నా రోజే దొరికిందా?"

చీటీ మళ్లీ నాలుగు మడతలు పెట్టి
జేబులో వేసుకున్నాడు. మంచినీళ్లు తాగాడు. వెళ్లాడు.

సాయంత్రం సుద్దముక్కతో
గోడ మీద ముప్పై కొట్టేసి ఇరవై ఏడు రాశాను.
షావుకారు చూసి, నిన్నెవరు రాయమన్నారు, అన్నాడు.
చెరపమని మాత్రం అనలేదు.

కొట్టు కట్టేశాక ఒక్కదాన్నే లెక్క వేశాను.
టిక్కీకి రెండున్నర, నలభై మూడు టిక్కీలు,
నూట ఏడున్నర కిలోలు.
వేళ్ల మీద వేశాను, కాగితం మీద వేశాను,
కంప్యూటరులోనూ వేశాను.
ఈ ఒక్కటీ
ఎవరి కొలతలోనూ మారలేదు.